ఎండకు కౌలు కాగితం

మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకా. పటంలో కర్ణాటకే, కానీ మూడు వైపులా ఆంధ్ర. మధుగిరి నుంచి పావగడకు వచ్చే బస్సు కూడా నడుమ కాసేపు మడకశిర సీమలో నడిచి వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో రెండూ. సరిహద్దుకు అటూ ఇటూ ఒకేలా ఉన్నది కరువు. శెనక్కాయ విత్తి మోడాల కోసం చూడటం, బోరు వేయిస్తే ఫ్లోరైడు నీళ్లు పడటం, ఇంటికి ఒకరైనా బెంగళూరు బస్సెక్కడం: మా నాయన తరానికి తెలిసిన బతుకు ఇదే. వాళ్లు ఎండను తిట్టినట్టు ఇంకెవరినీ తిట్టలేదు.

ఆ ఎండే పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా నాకు నెలనెలా జీతమిచ్చింది. తిరుమణి దగ్గర సోలార్ పార్కులో మెయింటెనెన్స్ పనికి చేరాను. పగలు ప్యానెళ్ల మధ్య పని, సాయంత్రం ఊళ్లో వాలీబాల్, శనివారం పావగడలో శనిమహాత్ముడి దర్శనం. ఏడాదంతా ఈ మూడింటితోనే నిండిపోయింది. పని నేర్చుకునే కొద్దీ, ఇది మొదట ఎవరికి తట్టింది, ఎలా మొదలైంది అన్న ఆరాటం పట్టుకుంది. ప్యానెల్ గురించి చదివాను, ఆట గురించి చదివాను, చివరికి మా నాయన పెట్టిన సంతకం దగ్గరికి వచ్చి ఆగాను. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన ఆవిష్కరణ ఆ సంతకం వెనకే ఉంది.

ప్యానెల్ కథ చాలామంది చెప్పిందే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 1839లో ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెకెరెల్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు, ద్రావణంలో ముంచిన లోహపు రేకుల మీద వెలుగు పడితే కరెంటు పుట్టడం గమనించాడు. నూరేళ్లు గడిచాక, 1940లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రస్సెల్ ఓల్ అనే ఆయన పగులున్న ఒక సిలికాన్ ముక్కను పరీక్షిస్తున్నాడు. దాని మీద దీపం వెలుగు పడినప్పుడల్లా వోల్టేజీ లేచింది. ముక్కలో ఒక పక్క ఒక రకం మలినం, రెండో పక్క ఇంకో రకం మలినం చేరి ఉండటమే కారణం. ఇంకొకరైతే పగిలిందని పారేసేవారు. ఆ దారినే పోయి చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు 1954 ఏప్రిల్ 25న సిలికాన్ సౌరఘటాన్ని లోకానికి చూపించారు. పడిన వెలుగులో సుమారు 6 శాతమే కరెంటుగా మారింది. దానితో వాళ్లు తిప్పి చూపింది ఒక బొమ్మ రంగులరాట్నాన్ని.

పావగడలో పుట్టింది వేరే. దాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి.

2014 చివర్లో కేంద్రం సోలార్ పార్కుల పథకం తెచ్చింది. 2015 మార్చిలో కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఏర్పడింది. అందులో సగం రాష్ట్రానికి చెందిన క్రెడల్‌ది, సగం కేంద్రానికి చెందిన సోలార్ ఎనర్జీ కార్పొరేషన్‌ది. వాళ్ల ముందున్న పెద్ద చిక్కు నేల. రెండు వేల మెగావాట్ల పార్కుకు దాదాపు 13,000 ఎకరాలు కావాలి, అంటే మెగావాటుకు ఆరెకరాల పైచిలుకు. అంత నేలను సేకరించాలంటే నోటీసులు, కోర్టులు, ఏళ్లకేళ్లు. కొనాలంటే వేల మంది రైతులను అమ్మకానికి ఒప్పించాలి. ఈ రెండూ వదిలి మూడో దారి పట్టారు. రైతుల నేలను గుత్తకు తీసుకున్నారు. కార్పొరేషనే రైతుల దగ్గర కౌలుకు తీసుకుని, రోడ్లు వేసి, సబ్‌స్టేషన్ వసతి చూసి, ముక్కలు ముక్కలుగా కంపెనీలకు ఇస్తుంది. రైతుకు ఎకరాకు మొదట ఏడాదికి 21,000 రూపాయలు, ఆపైన రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. గడువు ఇరవై ఎనిమిదేళ్లు. భూమి మాత్రం రైతుదే.

తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ల చేలు ఆ కాగితం కిందికి వచ్చాయి. మా పొలం రికార్డు, అంటే పహణీ, అప్పటికింకా చనిపోయిన తాత పేరుతోనే ఉండేది. వారసుల పేరుకు పౌతి ఖాతా మార్పించుకుంటే గానీ సంతకం కుదరలేదు. అన్నదమ్ములు ఒకచోట కూర్చుని ఎన్నేళ్లుగానో వాయిదా వేసుకున్న పంపకం కూడా ఆ పుణ్యాన తేల్చుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నావని నాయనను అడిగితే ఒకటే మాట అన్నాడు: "అమ్మమనింటే పెట్టేవాణ్ని కాదురా. పహణీలో నా పేరు అట్లే ఉంటాదంటేనే పెట్టినా."

2018 జనవరి చివరికి మొదటి 600 మెగావాట్లు కరెంటిచ్చాయి. మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య పార్కును ప్రారంభించారు. శక్తి స్థల అని పేరు పెట్టారు. 2019 డిసెంబరుకు మొత్తం 2,050 మెగావాట్లు పూర్తయ్యాయి. ప్యానెల్ కనిపెట్టిన వాళ్లకు బహుమతులు వచ్చాయి, పుస్తకాల్లో పేర్లు నిలిచాయి. రైతు చేతిలోంచి నేల జారిపోకుండా ఎండను పనికి పెట్టొచ్చని ఆలోచించిన వాళ్లు కూడా ఆ వరసలో నిలబడాల్సిన వాళ్లేనని నా గట్టి నమ్మకం.

ఇక నా పని. ఎండ ఎంత మండితే అంత కరెంటని మా ఊళ్లో అందరి నమ్మకం. నిజానికి ప్యానెల్‌కు వెలుగు కావాలి, వేడి పడదు. దాని సామర్థ్యం లెక్క కట్టేది 25 డిగ్రీల దగ్గర. ప్యానెల్‌లోని ఘటం వేడెక్కే కొద్దీ డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున శక్తి పడిపోతుంది. అందుకే ఏప్రిల్ మధ్యాహ్నం మనిషితో పాటు ప్యానెల్ కూడా సోలిపోతుంది. అంతకన్నా పెద్ద శత్రువు నీడ. ఘటాలన్నీ దండలో పూసల్లా ఒకే తీగ మీద ఉంటాయి. ఒక్కదాని మీద నీడ పడినా కరెంటు దారి అక్కడ ఇరుకవుతుంది. మిగతావి పంపిన శక్తి ఆ నీడపడ్డ ఘటంలోనే వేడిగా మారి దాన్ని కాలుస్తుంది. ఆ ప్రమాదం తప్పించడానికే ప్యానెల్ వెనక పెట్టెలో బైపాస్ డయోడ్లు పెడతారు. కరెంటు నీడపడ్డ వరసను వదిలి పక్కదారిన పోతుంది. వానలు పడ్డాక వరసల మధ్య ఏపుగా లేచే గడ్డి, పిట్టల రెట్ట, దుమ్ము, ఇవే నా రోజువారీ లోకం. ఏడాది పొడుగునా ఎండ కింద నిలబడి నేను వెతికింది నీడనే.

శనివారం గుడిలో నిలబడినప్పుడు ఇదంతా గుర్తొచ్చేది. శని సూర్యుడి కొడుకు, తల్లి ఛాయ. సూర్యుడి వేడిమి ఓర్చుకోలేక భార్య సంజ్ఞ తన నీడను ఇంట్లో నిలిపి వెళ్లిపోతే, ఆ నీడకు పుట్టినవాడు శని. తర్వాత విశ్వకర్మ సూర్యుణ్ని సాన పట్టి తేజస్సు తగ్గించాడనీ, రాలిన పొడితో విష్ణువుకు చక్రం, శివుడికి త్రిశూలం చేశాడనీ పురాణం చెబుతుంది. భరించలేని వేడిని చెక్కి పనిముట్టు చేయడమనే ఊహ మనవాళ్లకు ఎంత ముందే వచ్చిందో! మా జేజి వానలు తప్పిన ఏళ్లలో నన్ను వెంటబెట్టుకుని ఈ గుడికి వచ్చేది. నువ్వుల నూనె దీపం పెట్టి, ఏమీ అడక్కుండా నిలబడేది. శని కష్టం పెట్టేవాడే కానీ, ఓర్చుకున్న వాణ్ని చివరికి వదిలిపెట్టడని ఆమె నమ్మకం. అది నాకూ అబ్బింది. శని సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దాదాపు ఇరవైతొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. ఆయన ఒక చుట్టు ముగించేలోగా మా కౌలు గడువు తీరుతుంది. అప్పటికి మా చేను మళ్లీ మా చేతికి ఎలా రావాలో ఇప్పటి నుంచే ఆలోచించమని దీపం పెట్టి మొక్కుకుంటాను.

వాలీబాల్ కథ నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అది మొదటి నుంచీ పని చేసి అలసిన వాళ్ల ఆట. 1895లో అమెరికాలోని హోలియోక్ ఊళ్లో వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గాన్ వ్యాయామం నేర్పేవాడు. అంతకు నాలుగేళ్ల ముందు పుట్టిన బాస్కెట్‌బాల్ కుర్రాళ్లకు బాగుంది కానీ, వయసు పైబడిన ఉద్యోగులకు ఆ పరుగులు, తోపులాటలు కష్టమయ్యాయి. ఆయన వల కట్టాడు, రెండు వైపులా మనుషులను నిలిపాడు, ఒకరినొకరు తాకే పని లేకుండా చేశాడు. బాస్కెట్‌బాల్ బరువైంది, దాని లోపలి బ్లాడర్ మరీ తేలికైంది. చివరికి స్పాల్డింగ్ కంపెనీతో కొత్త బంతి చేయించాడు. ఈ ఆట మన వైపు పాకడంలో 1920లో హ్యారీ బక్ మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలకు పెద్ద పాత్ర ఉంది.

మా కోర్టు బడి వెనక గట్టినేల. షిఫ్టు దిగిన టెక్నీషియన్లు, సెక్యూరిటీ వాళ్లు, డ్రైవర్లు, ఊరి కుర్రాళ్లు అందరూ వస్తారు. ఈ ఏడు చుట్టుపక్కల ఊళ్ల పోటీల్లో మేం ఓడినవే ఎక్కువ. అయినా నా ఏడాదిలో అన్నిటికన్నా విలువైన మాట విన్నది ఆ కోర్టులోనే. మా జట్టు స్మాషర్ ఇంటికి సెంటు నేల లేదు. వాళ్లమ్మ మా చేలల్లో శెనక్కాయ పీకే కూలికి వచ్చేది. "మీకు కౌలు వస్తాది. మా అమ్మ పని మాత్రం చేనుతో పాటే పోయింది కదన్నా," అన్నాడు ఒక సాయంత్రం, కోపం లేకుండానే. గొర్రెల వాళ్లదీ అదే మాట. మేపే బీడు కంచె లోపలికి పోయింది. నేను మెచ్చుకున్న ఆ కాగితం భూమి ఉన్నవాడి కోసమే రాసింది. కూలికి అందులో గడి లేదు.

ఆ గడి ఇప్పుడైనా చేర్చొచ్చు. గడ్డి కోత, ప్యానెళ్ల కడుగుడు ఏడాది పొడుగునా ఉండే పనులు. గొర్రెలను వరసల మధ్య వదిలితే గడ్డి కోత ఖర్చూ తగ్గుతుంది, నీడ బెడదా తీరుతుంది. బయటి దేశాల్లో చాలా పార్కుల్లో ఇలాగే చేస్తున్నారు. ఈ ఉగాది మరుసటి రోజు జట్టంతా కూర్చుని అర్జీ రాశాం. భూమి లేని ఇళ్లకు ఈ పనుల్లో మొదటి హక్కు ఇవ్వాలనీ, వానాకాలంలో గొర్రెలకు అనుమతి ఇవ్వాలనీ అందులో అడిగాం. కన్నడ అక్షరాలు నాకన్నా బాగా రాస్తాడని అర్జీ మా స్మాషర్ చేతనే రాయించాం. మొదటి సంతకం వాళ్లమ్మది, రెండోది మా నాయనది. సోమవారం తాలూకా ఆఫీసుకు తీసుకుపోతున్నాం.