కందెన నుంచి గాలి దాకా

తలకి నూనె రాయించుకోనని మారాం చేస్తే "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని దెప్పేది మా అమ్మమ్మ. ఆ సామెత నాకు పూర్తిగా తలకెక్కింది పోయిన మే నెలలో, కంకిపాడు దాటాక రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు.

మావారికి బదిలీ అయ్యాక కారు నా చేతికొచ్చింది. బెజవాడలో అమ్మ కళ్ళు చూపించి ఉయ్యూరు తీసుకెళుతుంటే వెనక టైరు ఢామ్మని పేలింది. కారు ఒక పక్కకి ఈడ్చుకుపోయింది. ఆ క్షణాన వెనక లారీ లేకపోవడం మా అదృష్టం. అమ్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

స్టెప్నీ వేయడానికొచ్చిన కుర్రాడు గాలి ఎప్పుడు చూసుకున్నారని అడిగాడు. "ఎండాకాలం కదా, పేలకుండా తగ్గించి కొట్టించా" అన్నాను గొప్పగా. "అందుకే పేలిందమ్మా" అన్నాడు.

ఈ గాలి సంగతేమిటో అప్పట్నుంచీ చదువుతూ, అమ్మని అడుగుతూ ఉన్నాను.

తాతయ్యది ఇనప పట్టా వేసిన చెక్క చక్రాల బండి. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసేవారట. బండి కట్టే ముందు ఇరుసుకి అది పూయాల్సిందే. ఎంత పూసినా వానాకాలం మన నల్లరేగడిలో చక్రం దిగబడిపోయేది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యాక, డెల్టాలో ధాన్యం పడవలెక్కి కాలవల్లో వెళ్ళిందంటే వెళ్ళదూ మరి!

గాలి చక్రం ఆలోచన మొదట రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరుది. 1845లో పేటెంటు తీసుకున్నాడు, గుర్రబ్బళ్ళకి బిగించి చూపించాడు కూడా. ఎవరూ పట్టించుకోలేదు. నలభై ఏళ్ళు గడిచాక, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. లోకమంతా ఆహా అంది. తర్వాత థామ్సన్ పేటెంటు బయటపడి డన్లప్‌ది చెల్లకుండా పోయింది, అయినా పేరు మాత్రం ఆయనకే మిగిలింది. ఇంట్లో మనం పదిసార్లు చెప్పిన మాటే పక్కింటాయన చెబితే వింటారు చూడండి, అలా అన్నమాట.

ఆ డన్లప్ పేరుతోనే 1936లో కలకత్తా దగ్గర సాహాగంజ్‌లో టైర్ల ఫ్యాక్టరీ పెట్టారు. మా తాతయ్య కూడా చివర్లో టైరు బండి కొన్నారు. ఎడ్లకి సగం బరువు తగ్గినట్టయిందని అమ్మ అంటుంది. రోజూ కాడి ఎత్తే ముందు ఆయన చెర్నాకోల కర్రతో టైరు కొట్టి చప్పుడు వినేవారట. కందెన పూసే అలవాటు అలా టైరు మీదికి మళ్ళింది.

ఇప్పటి కారు టైరు చప్పుడుకీ, చూపుకీ దొరకదు. పది పాయింట్లు తగ్గినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తగ్గితే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కలు నలుగుతాయి. తీగని అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కి తెగుతుంది కదా, ఇదీ అంతే. పైన ఎండ, లోపల ఆ వేడి. ఎండకి గాలి కాస్త పెరిగే మాట నిజమే, కానీ ఆ లెక్క కంపెనీ వాళ్ళు ముందే వేసుకుని ఉంటారు. మనం తగ్గించి చేసేది మంటకి ఇంకో పుల్ల ఎగదొయ్యడమే. పంక్చరు లేకపోయినా నెలకి ఒక పాయింటు దానంతటదే తగ్గుతుంది.

నెలకోసారి పొద్దున్నే, ఎండెక్కకముందే, ఇంటి దగ్గరి బంకుకి వెళుతున్నాను. టైరు చల్లగా ఉండగానే చూడాలి, దూరం తిరిగొచ్చాక చూస్తే లెక్క తప్పుతుంది. బంకులో గాలికి డబ్బులివ్వక్కర్లేదు.

మొన్న అక్కడి కుర్రాడు "సార్ ఎంత కొట్టించేవారు మేడమ్?" అన్నాడు.

"సార్‌ని ఎందుకు బాబూ, డ్రైవరు తలుపు తీసి చూడు, రాసుంది. ముప్పై మూడు."

లోపల్నుంచి అమ్మ అరిచింది: "స్టెప్నీ కూడా చూడమనవే!"