అరబ్బులు, సిద్దీలు, దూదేకులవారు: ‘ముస్లిం’ అనే ఒక్క మాట చాలదు

1839 అక్టోబరులో కర్నూలు పక్కనున్న జొహరాపురంలో ఈస్టిండియా కంపెనీ సైన్యం నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుంది. నవాబు వెంట నిలిచినవారిలో పఠాన్లు, రోహిల్లాలతో పాటు అరబ్ కిరాయి సైనికులూ ఉన్నారు. దక్కన్‌లో అరబ్బుల చరిత్ర ఇలా కొలువుతోనే ముడిపడి ఉంది.

వీరిలో ఎక్కువమంది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చినవారు. హైదరాబాదులో వీరిని చావుష్‌లంటారు. వీరి బర్కాస్ బస్తీ పేరు ‘బ్యారక్స్’ నుంచే వచ్చింది. సైనికుడి విధేయత మొదట తన తెగకు, జమేదారుకు. ఆ తర్వాతే నిజాముకు. జమేదార్లు అప్పులిచ్చి తాకట్టుగా భూములు, కోటలు చేతిలో పెట్టుకునేవారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఆ పట్టును సడలించాడు.

1948 సెప్టెంబరు సైనిక చర్యతో కొలువు పోయింది. చాలామందిని విదేశీయులుగా లెక్కించి నిర్బంధించారు, హద్రమౌత్‌కు పంపేశారు. ఉండిపోయినవారు భారత పౌరులుగా, ఓటర్లుగా కొత్త గుర్తింపు వెతుక్కోవలసి వచ్చింది. బర్కాస్ ఉన్న చాంద్రాయణగుట్ట నియోజకవర్గంలో మజ్లిస్ 1994లో దాని నుంచి చీలిన ఎంబీటీ చేతిలో ఓడి, 1999లో మళ్లీ గెలిచింది. అంటే ముస్లిం ఓటు ఎప్పుడూ ఒకే ముద్ద కాదు.

రిజర్వేషన్ల జాబితా ఈ తేడాలను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 2007 చట్టం 4 శాతం కోటాతో బీసీ-ఇ వర్గాన్ని ఏర్పరచింది. అందులో అత్తరు సాయిబులు, ముస్లిం ధోబీలు, ఫకీర్లు, ఖురేషీలు, షేక్‌లు ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్ వర్గాలను చట్టమే పేరు పెట్టి మినహాయించింది. నిజాం కొలువులోనే పనిచేసిన ఆఫ్రికా మూలాల సిద్దీలకు మాత్రం చోటు దక్కింది. ఒకే ప్రభువు, ఒకే మతం. సమాజంలో స్థాయి మాత్రం వేరు. బర్కాస్‌లో ఆటో నడుపుకునే పేద అరబ్బుకు మిగిలింది ఈడబ్ల్యూఎస్ కోటాయే.

కర్నూలు, కడప పల్లెల్లో దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. ఇక 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. ముస్లిం, క్రైస్తవ దళితులు నేటికీ బయటే ఉన్నారు.

కాబట్టి ‘మైనారిటీ హక్కులు’ అన్నప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకోవాలి: వేదిక మీద మాట్లాడుతున్నది ఎవరు? జాబితా బయట నిలబడింది ఎవరు?