కల్లు పద్దులో కనబడని మాత్ర: తెలంగాణ వ్యసన చికిత్సపై ఒక అభ్యంతరం

2015 సెప్టెంబరులో తెలంగాణ ఎక్సైజ్ శాఖ అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసింది. రోజుల్లోనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనం పోటెత్తారు: చేతుల వణుకు, కంటికి కునుకు లేదు, ఫిట్స్, ఎదుట లేనివాళ్లతో మాటలు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీలోనూ అదే రద్దీ. రెండుసార్లు ఇంత బహిరంగంగా బయటపడ్డ మత్తుమాత్రల అలవాటును వ్యసన చికిత్సపై రాసేవారు ఇంకా మద్యం ఖాతాలోనే జమ చేస్తున్నారు.

ఈ అలవాటుకు అండ 2019లో ఎయిమ్స్ వైద్యులు కేంద్రానికి సమర్పించిన మాదకద్రవ్యాల సర్వే. 186 జిల్లాల్లో, 2 లక్షలకు పైగా ఇళ్లలో అడిగి తేల్చినది కాబట్టి దాన్ని కాదనే సాహసం ఎవరూ చేయరు. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని, ఆసుపత్రిలో చేరగలిగింది 180 మందిలో ఒక్కరేనని చెప్పిందది. మత్తుమాత్రలు వాడేవారు 1.08 శాతమట. ఎవరిని అడిగి? తాగేవాడినే. కల్లు కాంపౌండులో సీసా ఎత్తేవాడికి అందులో అల్ప్రాజోలం కలిపారని ఎవరు చెబుతారు? అతని జవాబు 'కల్లు'. సర్వే పత్రంలో మాత్ర గడి ఖాళీ.

గడి మారితే వైద్యమూ మారుతుంది. మద్యం మానినవారికి లోరాజెపామ్‌నో, క్లోర్‌డయాజిపాక్సైడ్‌నో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో తగ్గించి ఆపేయడం, తోడుగా థయామిన్ సూది ఇవ్వడం మామూలు పద్ధతి. అల్ప్రాజోలం కూడా ఆ మందుల కుటుంబానిదే. అందుకే కల్తీ కల్లు రోగి మొదటి రోజుల్లో తేరుకున్నట్టే కనిపిస్తాడు. డాక్టరు సంతోషించి డిశ్చార్జి రాస్తాడు. ఏళ్ల తరబడి మాత్రకు అలవాటుపడ్డ ఒంటికి మాత్రం మోతాదును వారాల మీద, ఒక్కోసారి నెలల మీద, కొంచెం కొంచెంగా దించాలి. తొందరపడి ఆపితే వణుకూ ఫిట్సూ తిరిగి వస్తాయి. అప్పుడు కేసు షీటులో పడే మాట 'మళ్లీ తాగాడు'. తెలంగాణలో డీఅడిక్షన్ విఫలమవుతోందని అనడానికి చూపే కేసుల్లో కొన్ని నిజానికి ఈ తొందరపాటు ఫలితాలు కావచ్చు. అన్నీ అవే అనడం లేదు: కల్లంతా కల్తీ కాదు, అసలు కల్లుకూ బానిసలైనవారు ఉన్నారు.

సేవల అందుబాటు అనగానే మరిన్ని పడకలు, మరిన్ని కేంద్రాలు అంటారు. మానసిక ఆరోగ్యానికి 14416 టెలీ మానస్ ఉంది, వ్యసన విముక్తికి 14446 హెల్ప్‌లైన్ ఉంది, కాదనలేం. కానీ ఊళ్లో కాంపౌండు మూసిన రెండో రోజుకే వణుకు మొదలయ్యే మనిషికి దగ్గరలో ఉండేది పీహెచ్‌సీ. దాడి తేదీ ఎక్సైజ్ వారికి ముందే తెలుసు, మెడికల్ ఆఫీసరుకు తెలియదు. మందులు, మోతాదు తగ్గించే పట్టిక దాడి కంటే ముందే అక్కడికి చేరితే జిల్లా ఆసుపత్రిపై రద్దీ తగ్గుతుంది.

పీహెచ్‌సీలో ఒక మూత్ర పరీక్ష పట్టీ కూడా కావాలి. అది అల్ప్రాజోలాన్ని పట్టిస్తుంది. కల్లులో కలిపే మరో మందు క్లోరల్ హైడ్రేట్‌ను పట్టించదు. దానికి రోగి తాగిన దుకాణం పేరు, సీసాల లెక్క అడిగి రాసుకోవడమే దారి. పరీక్ష మాత్రం మొదటి మాత్ర ఇవ్వకముందే చేయాలి. ఇచ్చాక చేస్తే పట్టీ మీద కనబడేది కల్లు దుకాణం మందో, ఆసుపత్రి మందో తేల్చలేం.