సాంఘికశాస్త్రబోధన – ప్రజాస్వామ్య పరిరక్షణ

ప్రజాస్వామ్యము ఓటుపెట్టెతో ముగియునది కాదు. అధికారము ఎచ్చటనుండి పుట్టునో, దాని హద్దులెవ్వియో ఎరిగిన పౌరుడే దానికి ఆధారము. 1952-53 నాటి మాధ్యమిక విద్యాసంఘమునకు అధ్యక్షత వహించిన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు కర్నూలులో జన్మించినవారు. ప్రజాస్వామిక పౌరులను తీర్చిదిద్దుటను విద్యాలక్ష్యములలో చేర్చిన ఆ సంఘము, చరిత్ర, భూగోళ, పౌరశాస్త్రములు కలిసిన సాంఘికశాస్త్రమును అందరికిని పాఠ్యవిషయముగా సిఫారసు చేసినది. బడియే నిలువనిచోట ఈ ఆశయము ఏమగునో బస్తరు చరిత్ర చెప్పుచున్నది.

దోర్నపాల్ నుండి జగర్‌గుండ పోవు మార్గమున చింతలనార్ కలదు. ‘నార్’ అనగా గోండీలో ఊరు. బస్తరు సంస్థానమున ఇదియొక జమీందారీ. ఆ సంస్థానమున 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు చెలరేగెను. అడవులను రిజర్వు చేయుట, వెట్టిచాకిరి దానికి ముఖ్యకారణములు. అయినను తిరుగబడినవారు పోలీసుఠాణాలతోపాటు బడులను కూడ తగులబెట్టిరి. ఉపాధ్యాయుల వసూళ్లును నాటి ఫిర్యాదులలో నుండెను. చదువు అధికారి చేతికఱ్ఱగా వచ్చినందున ఊరు దానిని తనదిగా తలపలేదు.

దాదాపు నూరేండ్లకు బడి మరల చిక్కులలో పడినది. 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిదప కొన్ని బడులలో భద్రతాబలగములు విడిసినవి. కొన్నిటిని మావోయిస్టులు కూల్చిరి. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టము అమలులోనికి వచ్చెను. ఐదు దినములకు, ఏప్రిల్ 6న, చింతలనార్ సమీపమున మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతాసిబ్బంది మరణించిరి. మరుసటి మార్చిలో తాడ్‌మెట్ల, మోర్పల్లి, తిమ్మాపురములలో ఇండ్లు తగులబడినవి.

నందినీ సుందర్, రామచంద్ర గుహ, కేంద్రప్రభుత్వ మాజీ కార్యదర్శి ఇ. ఏ. ఎస్. శర్మ గారలు వేసిన వ్యాజ్యములో 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. న్యాయమూర్తులు బి. సుదర్శన్ రెడ్డి, ఎస్. ఎస్. నిజ్జర్. ఐదవ తరగతి చదివినవారికి ప్రాధాన్యమిచ్చి గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించితిమనియు, రెండు నెలల శిక్షణలో చట్టములను, మానవహక్కులను, రాజ్యాంగమును బోధించితిమనియు రాష్ట్రము వాదించెను. న్యాయస్థానము ఒప్పుకొనలేదు. ఆ నియామకములు సమానత్వమునకును, జీవించు హక్కునకును విరుద్ధములని తేల్చెను. గ్రామదహనములపై విచారణకు ఆదేశించెను. బలగములు బడులను విడిచిపోవలెనని అంతకుముందే ఉత్తరువిచ్చియుండెను.

ఈ తీర్పులో విద్యావేత్తలు గ్రహింపవలసిన విషయమొకటి కలదు. బాల్యమున ఏండ్లతరబడి ప్రశ్నించుచు, చర్చించుచు జీర్ణించుకొనవలసిన రాజ్యాంగమును, తుపాకి చేతికిచ్చి వారములలో నేర్పుట సాధ్యము కాదు. 1996 నాటి పెసా చట్టము గ్రామసభకు, 2006 నాటి చట్టము అడవిపై నివాసులకు హక్కుల నొసగినవి. తన ఊరి గ్రామసభ ఏమి అడుగగలదో, అధికారి ఎవరికి జవాబుదారియో బాలునకు ఇంటిభాషలో తెలిసిననాడే ఆ హక్కులకు ప్రాణము వచ్చును. రాజుల పేర్లును, యుద్ధముల తేదీలును వల్లెవేయించుటతో ఆ పని నెరవేరదు. బడి ఊరిదిగా నిలిచి, పాఠము ఊరితో మొదలైనప్పుడే సాంఘికశాస్త్రము ప్రజాస్వామ్యమునకు కాపుగా నుండగలదు.