నడచినను చోటు కదలని నడక

కర్నూలు, కడప పట్టణములలో కలిగినవారి మేడగదులలో నేడొక యంత్రము కానవచ్చుచున్నది. దానిని ట్రెడ్‌మిల్ అందురు. విద్యుచ్ఛక్తితో తిరుగు పట్టాపై గృహస్థు గంటసేపు నడచును. అంగుళమైనను ముందుకు పోడు. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు మా సీమ యెండలో, ప్రొద్దెక్కినపిదప వీథిలో నడువలేనివారికి ఇది యనుకూలమే. 2020 మార్చిలో దేశమంతట జనులు వాకిలి దాటరాదన్న కట్టడి వచ్చినప్పుడు దీని యుపయోగము మరింత తెలిసివచ్చినది. ఐనను దీని పూర్వచరిత్ర యంత సుఖమైనది కాదు.

మొదట నిది వ్యాయామసాధనము కాదు, దండనసాధనము. 1818 ప్రాంతమున విలియం క్యూబిట్ అను ఆంగ్లేయ ఇంజనీరు, ఖైదీలు పనిలేక కూర్చుండుట సరికాదని తలచి, పొడవైన పీపావంటి చక్రమునకు మెట్లమర్చి వారిచే త్రొక్కించు పద్ధతిని కల్పించెను. 1821లో లండనులోని బ్రిక్స్‌టన్ కారాగారమున ఇట్టి చక్రము నెలకొన్నది. ఖైదీ పైనున్న కమ్మిని పట్టుకొని మెట్టెక్కును. ఎక్కిన మెట్టు వెంటనే క్రిందికి దిగిపోవును. కొన్నిచోట్ల ఆ చక్రము ధాన్యము విసరినది, కొన్నిచోట్ల నీరు తోడినది. మరికొన్నిచోట్ల ఏమియు చేయలేదు, ఉత్తగాలికే తిరిగినది. శ్రమకన్న ఈ నిష్ఫలత్వమే ఖైదీని ఎక్కువ క్రుంగదీసియుండునని మాకు తోచును. 1898 నాటి జైళ్ళ చట్టము తరువాత ఇంగ్లండులో ఈ శిక్ష అంతరించినది.

మన దేశపు జైళ్ళలో ఆ పని గానుగ చేసినది. 1908లో వ. ఉ. చిదంబరం పిళ్ళెగారిని కోయంబత్తూరు జైలులో ఎద్దునకు మారుగా గానుగకు కట్టి త్రిప్పించిరి. ఆయనను నిర్బంధించినందున తిరునెల్వేలిలో అలజడి చెలరేగి, కాల్పులు జరిగినవి. ఆ కాల్పులను ఖండించుచు బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వ్రాసినందుకే కర్నూలున పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కారాగారము పాలైరి.

చోటు కదలని నడక మా సీమకు క్రొత్త కాదు. చెరువు నిండని యేట చేనిని కాపాడినది కపిల. బావి గట్టునుండి పల్లమునకు త్రవ్విన వాలుదారిలో ఎద్దులు దిగును. మోకు బిగిసి తోలుబాన పైకి వచ్చును. తొండము విడిచిన నీరు తొట్టిలో పడి కాలువ పట్టును. దిగునపుడు కపిల తోలువాడు మోకుమీద కూర్చుండి తన బరువును కూడ ఎద్దులకు తోడిచ్చును. పిమ్మట ఆ మూగజీవములు వెనుకడుగులతో వాలెక్కవలెను. చూడనివారికి ఈ వెనుకనడక నమ్మశక్యము కాదు. తెల్లవారుజామున మొదలిడి, ఆ కొలది గజముల మేరలోనే మనిషియు పశువులును ఎన్నిమైళ్ళు నడచెడివారో లెక్కించినవారు లేరు. అలసట మరచుటకు పాట ఉండెను. ఏతము సంగతియు నిట్టిదే. దూలముమీద ముందుకు వెనుకకు నడచువాని కాళ్ళబలమే బావినీటిని పైకి తెచ్చెడిది. బ్రిక్స్‌టన్ ఖైదీకిని వీరికిని భేద మొకటి: వీరి అడుగులకు మడి తడిసినది.

తడియుటకు బావిలో నీరే లేనప్పుడు? 1876–78 నాటి మహాక్షామమును మావారు ధాత కరువందురు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి నష్టపడినవి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి రొక్కముగా తగ్గించెను. నిజముగా నక్కరగలవారే వత్తురని, ఇంటికి పదిమైళ్ళకు తక్కువ కాని దూరమున పని చూపవలెనన్న నియమము కూడ నుండెను. మద్రాసు సానిటరీ కమిషనరు కార్నిష్ ఆ కూలి దేహమును నిలుపజాలదని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకే దానిని పెంచవలసి వచ్చినది. తిన్నది అరుగుటకై నడచుట యను మాట ఆ తరమువారికి పరిహాసముగా తోచియుండును.

ట్రెడ్‌మిల్‌కు మరుజన్మ వైద్యశాలలో కలిగినది. 1952లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున డాక్టర్ రాబర్ట్ బ్రూస్, ఇంజనీరు వేన్ క్విన్‌టన్ గుండెను పరీక్షించుటకు మోటారు ట్రెడ్‌మిల్‌ను సిద్ధపరచిరి. గంటకు 1.7 మైళ్ళ వేగముతో మొదలిడి, మూడేసి నిమిషములకు వేగమును వాలును పెంచుచు గుండె తీరును గమనించు బ్రూస్ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. 1968లో వెలువడిన కెన్నెత్ కూపర్ ‘ఏరోబిక్స్’ గ్రంథమును చదివి విలియం స్టాబ్ అను ఇంజనీరు ఇంటికి తగిన చవుక యంత్రమును నిర్మించెను. ఆయన 2012లో 96వ యేట మరణించెను.

ఇంతలో మా పల్లెలకు ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చినవి. పిదప బోర్లు దిగినవి. కపిల ఆగినది. నీటిని తోడు మోటారే కాళ్ళక్రింది పట్టాను త్రిప్పుచున్నది. పొలముల నడుమ పూడిపోయిన బావుల ప్రక్క ఆ వాలుదారులు అచ్చటచ్చట ఇంకను మిగిలియున్నవి. వానలు కురిసిన యేట వానిలో గడ్డి మొలచును, మేకలు మేయును.