ఆరుట వేరు, పండుట వేరు

ఆర్మూరు, సిరికొండ ప్రాంతములలో పసుపు పండించు రైతునకు ఒక పాఠమును ఎవరును నేర్పనక్కరలేదు. త్రవ్వి తీసిన కొమ్ములను అతడు ఉడికించి, కల్లముమీద పది పదునైదు దినములు ఎండబెట్టును. నాలుగైదు దినములకే పైతొక్క ముడుతలుపడి ఎండినట్లే కనుపించును. అంతమాత్రమున అతడు దానిని బస్తాకు ఎత్తడు. ఒక కొమ్మును చేతబట్టి విరిచి చూచును. లోహపు ముక్క మ్రోగినట్లు టంగుమని విరిగినచో లోపలివరకు ఎండినదని అర్థము. మెత్తగా వంగినచో లోన ఇంకను తడి యున్నదని అర్థము. ఆ తడితో గోదాము చేరిన సరకు బూజుపట్టి చెడును.

ఇంటిముందు నిలిచిన మోటారుబండిపై మిలమిలలాడు పూతకును ఈ న్యాయమే వర్తించును. పూత వేలికి అంటకుండుట ఒక దశ. గోటికి, గుడ్డకు, దుమ్మునకు లొంగకుండునట్లు లోలోపల గట్టిపడుట మరియొక దశ. మొదటి దానిని ఆరుట యందుము. రెండవ దానిని ఈ ప్రసంగమున పండుట యని వ్యవహరింతుము. రెండింటికి నడుమ గంటలు గడువవచ్చును, వారములు గడువవచ్చును. ఈ ఎడమును తగ్గించుటకు మనుష్యుడు పడిన పాట్లే పూతల చరిత్ర. అందులో ఒక ఘట్టము మన ఉత్తర తెలంగాణముననే నడచినది.

ఆ చరిత్ర మోటారుబండితో మొదలుకాలేదు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై వ్రాలి రసము పీల్చు చిన్న పురుగులు తమ దేహముచుట్టు విసర్జించు జిగురే లక్క. మన దేశపు పూతలలో ఇది మిక్కిలి ప్రాచీనము. విశాఖమండలమున వరాహనది ఒడ్డున, నేడు అనకాపల్లి జిల్లాలో చేరియున్న ఏటికొప్పాకలో, అంకుడు కర్రను తరిమెనపై గిరగిర త్రిప్పుచు లక్క కణికెను దానికి ఆనింతురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రను అంటుకొనును, చల్లారగనే గట్టిపడును. రంగు వేయుట, మెరుగు పెట్టుట రెండును ఒక్క పట్టున ముగియును. ఆ ఊరి పనిలో చెట్టుచేమల రంగులను తిరిగి నిలిపిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించినది.

లక్క పూత సొంపైనది, బిడ్డ నోట పెట్టుకొన్నను భయములేనిది. కాని దానికొక బలహీనత కలదు. వేడితో కరగి, చల్లారి గట్టిపడిన వస్తువు తిరిగి వేడి తగిలినచో మెత్తబడును. లక్క మెరుగుపెట్టిన బల్లపై వేడి గ్లాసు నుంచినచో తెల్లని మచ్చ పడుట ఇందువలననే. సారాయము సోకినను అది కరగును. అనగా అది గట్టిపడినదే కాని, మేము చెప్పు అర్థమున పండినది కాదు.

పండు పూతకు మొదటి ఉదాహరణము అవిసెనూనె. ఈ నూనె ఆరునప్పుడు నీటివలె ఆవిరియై పోదు. గాలిలోని ప్రాణవాయువును తనలోనికి తీసికొని, తన అణువులను ఒకదానితో నొకటి ముడివేసికొనును. విడివిడిగా పడియున్న దారములను ముడులువేసి వలగా అల్లినట్లు ఊహించుకొనవలెను. విడిదారమును లాగిన ఊడివచ్చును. వలను లాగిన వల యంతయు పట్టుకొని నిలుచును. గీతకు ఓర్చుకొను శక్తి ఈ ముడులనుండియే పుట్టుచున్నది. అయితే నూనె ఈ వలను అల్లుకొనుటకు దినములు, వారములు పట్టును.

తొలినాటి మోటారుబండ్లు గుర్రపుబండ్లవారి చేతిలోనే రంగు పూసికొన్నవి. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నేటికిని చూడదగిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ 1912 ప్రాంతపుది. ఆ కాలపు రాజబండ్లకు నూనెరంగులు, వార్నీషులు కుంచెతో పొరమీద పొరగా వేసెడివారు. ప్రతి పొరను ఆరనిచ్చి, రుద్ది నునుపుచేసి, మరల పూసెడివారు. ఒక బండికి వారములు పట్టుట సామాన్యము. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1914 మొదలు 1925 వరకు తన ‘టి’ బండిని నల్లరంగుననే అమ్ముటకు ఈ చిక్కే ఒక కారణము. తారుజాతి ఖనిజముతో చేసిన ఆ నల్లపూత ఆవములోని వేడిని తట్టుకొని త్వరగా పండెడిది. లేతరంగుల నూనెపూతలు ఆ వేడికి పచ్చబడి చెడెడివి. బండి కట్టుటకు కొన్ని గంటలు, రంగు ఆరుటకు కొన్ని వారములు! రంగు ఆరని బండ్లను నిలుపుటకే కార్ఖానాలకు పెద్ద పెద్ద కొట్లు కావలసివచ్చెను.

మొదటి ప్రపంచయుద్ధము 1918లో ముగిసినది. తుపాకిమందునకై దూదిని ఆమ్లములలో నానబెట్టు కార్ఖానాలు పనిలేక నిలిచినవి. ఆ జాతి పదార్థమునే, అనగా నైట్రోసెల్యులోజును, పలుచని ద్రావకములలో కరగించి డ్యూపాంట్ సంస్థవారు ఒక పూతను తయారుచేసిరి. దాని పేరు డ్యూకో. జనరల్ మోటార్స్‌వారి ఓక్లాండ్ బండ్లు 1924 నమూనాకు నీలిరంగు డ్యూకోను ధరించి వెలువడినవి. తుంపరగా చిమ్మినచో నిమిషములలో వేలికి అంటకుండ ఆరుట దాని గొప్ప. వారముల పని గంటలలో ముగియసాగెను. లేత నీలము, ఆకుపచ్చ, ఎరుపు బండ్లు వీథులలోనికి వచ్చెను. మన దేశమున డ్యూకో యను మాట ఒక సరకు పేరుగా మాత్రమే నిలువలేదు. బండికి తుంపరరంగు వేయించుటనే ‘డ్యూకో కొట్టించుట’ యనిరి.

ఈ డ్యూకో కార్ఖానా గోడలు దాటి మన చేతిపనిలోనికిని ప్రవేశించినది. సిరికొండనుండి ఆర్మూరు చేరి, అచ్చటినుండి ఉత్తరముగా పోవు జాతీయ రహదారిపై బాల్కొండను గడచి, సోన్ వద్ద గోదావరిని దాటినచో నిర్మల పట్టణము వచ్చును. అచ్చటి నకాషీ పనివారు తేలికయైన పొనికి కర్రను చెక్కి బొమ్మలు చేయుదురు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి అతుకులు నింపుదురు. సుద్ద పూసి, ఆరనిచ్చి, రుద్ది నునుపు చేయుదురు. రంగు పడకముందే పనిలో పెద్దపాలు ముగియును. పూర్వము ఖనిజముల రంగులు, మూలికల రసములు వాడెడివారు. బంగారపు ఛాయను సైతము పసరులనుండి సాధించెడివారు. హైదరాబాదులో ఈ పనికి ఆదరము కలిగించినవారిలో లేడీ హైదరీ పేరు చెప్పుకొందురు. 1955లో నిర్మలలో పనివారి సహకార సంఘము ఏర్పడినది. క్రమముగా మోటారుబండ్ల డ్యూకోయే బొమ్మలకును, నల్లని నేలమీది బంగారు చిత్రములకును, బల్లలకును పూత యయ్యెను.

ఈ మార్పును ఎట్లు తూచవలెను? లాభము కంటికి కనబడుచున్నది. డ్యూకో వేసిన పళ్ళెమును తడిగుడ్డతో తుడువవచ్చును, రంగు త్వరగా వెలవెలబోదు. దినకూలిపై బ్రదుకు పనివానికి త్వరగా ఆరు రంగు అన్నమువంటిది. నష్టము కొంత మెల్లగా తెలియును. మూలికల ఎరుక వాడుక తప్పినకొలది వాడిపోవును. ద్రావకపు ఆవిరులను ఇరుకు గదిలో పీల్చుట పనివాని ఊపిరికి కీడు. ఇంకొక సంగతియు గలదు. డ్యూకో కేవలము ద్రావకము ఆవిరియగుటచే ఆరును. లోన ముడులు పడవు. అందుచే అదే ద్రావకముతో తడిసిన గుడ్డ తగిలిన తిరిగి కరగును. త్వరగా ఆరుట గెలిచినది, పండుట వెనుకబడినది. అయినను నిర్మల బల్లపై పూత తరములు నిలుచుచున్నదనగా, అందుకు క్రింది సుద్దను, జిగురును ఆరనిచ్చి రుద్దిన చేతుల ఓర్పు ముఖ్యకారణమని మా అభిప్రాయము.

కార్ఖానాలు మరల పండు పూతల వైపు తిరిగినవి. 1930 ప్రాంతమున ఆల్కిడ్ పూతలు వచ్చినవి. వీనికి మెలమైన్ రెసిన్ జోడించి ఆవములో కాల్చుట అలవాటయ్యెను. వేడి యిచ్చట తడిని తరుముటకే కాదు, ముడులు వేయుటకును పనికివచ్చును. హైదరాబాదున 1942లో స్థాపితమైన ఆల్విన్ సంస్థ బస్సుల దేహములను, ఉక్కు సామానును, తరువాత శీతల పేటికలను చేసినది. అట్టి పేటికలపై తెల్లని మెరుపు సాధారణముగా ఆవమున కాలినదే.

జర్మనీలో ఒట్టో బేయర్ 1937లో పాలియూరితేను రసాయనమునకు దారితీసెను. దానినుండి రెండు డబ్బాల పూతలు పుట్టెను: ఒకదానిలో రెసిను, రెండవదానిలో గట్టిపరచు ద్రవ్యము. కలిపినంతనే ముడులు పడుట ఆరంభమగును. 1980ల నుండి బండ్లకు రంగుపొరపై రంగులేని స్వచ్ఛమైన పైపొర వేయుట వ్యాపించినది. ఈ పైపొర నలుబది, ఏబది మైక్రానుల మందము మాత్రమే, తలవెంట్రుకకంటె పలుచన. అయితే ఆ రెండవ డబ్బాలోని ఐసోసయనేట్లు తుంపరగా ఊపిరిలోనికి పోయినచో ఉబ్బసమును తెచ్చిపెట్టగలవు. గుడ్డముక్క ముక్కునకు కట్టుకొనుట దీనికి రక్షణ కాదు. బయటి శుద్ధమైన గాలిని గొట్టముద్వారా అందించు ముసుగు కావలెను. మన బండి మెరుపునకు ఎవరి ఊపిరి వెల యగుచున్నదో విచారించుట యజమాని ధర్మము.

ఇక గీతల మాట. 1812లో మోస్ అను శాస్త్రజ్ఞుడు రాళ్ళ కాఠిన్యమునకు ఒకటి మొదలు పది వరకు మెట్లు కట్టెను. అందు తొమ్మిదవది కెంపు, నీలముల జాతి, పదవది వజ్రము. పూతలవారి కొలత వేరు. వారు పెన్సిళ్ళతో పూతపై గీచి, ఏ పెన్సిలు గీతపెట్టజాలదో చూతురు. ఈ పరీక్షకు వాడు పెన్సిళ్ళలో సాధారణముగా మిక్కిలి గట్టిది 9హెచ్. నేడు సిలికాతో చేసిన ‘సిరామిక్’ పూతలను 9హెచ్ అని అమ్ముచున్నారు. దానిని విని నీలమణి కాఠిన్యమని భ్రమపడరాదు. అది పెన్సిలు తొమ్మిది. మన రోడ్ల దుమ్ములోని ఇసుక మోస్ మెట్లలో ఏడవది. పొడిగుడ్డతో దుమ్మును తుడుచుట యనగా ఇసుకతో తోముటయే. ఒకటి రెండు మైక్రానుల పొర రాతిదెబ్బను ఆపజాలదు. నీరు, మురికి నిలువకుండ జారవిడుచుట దాని నిజమైన ఉపకారము.

గట్టితన మొక్కటే గుణమును కాదు. గాజు గట్టిది, కాని పగులును. 2003లో మెర్సిడెస్ బెంజ్‌వారు పైపొరలో అతిసూక్ష్మమైన సిరామిక్ కణములను చేర్చి గీతలను తగ్గించిరి. 2005లో నిస్సాన్‌వారు వేరు త్రోవ పట్టి, సాగుగుణముగల పైపొరను వెలువరించిరి. చిన్న గీత పడినచో ఎండవేడికి అది కొన్ని దినములలో తానే పూడుకొనును. ఒకరు ఎదిరించుటను నమ్మిరి, మరియొకరు వంగి లేచుటను నమ్మిరి.

త్రోవ ఏదైనను కాలమునకు ఇయ్యవలసిన పాలు తప్పలేదు. సిరామిక్ పూత గాలిలోని తేమతో కొంచెముకొంచెముగా పండును. అందుచే మొదటి ఒకటి రెండు దినములు నీరు తగులనీయరాదు. వారము దినములవరకు సబ్బుతో కడుగరాదు. తాజాగా రంగు వేయించిన బండికి వెంటనే మైనము పట్టించినచో లోపలి ద్రావకము బయటపడు దారి మూసుకొని పూత మెత్తగనే యుండిపోవచ్చును. సాయంకాలమునకే బండి కావలెనని యజమాని తొందరపెట్టుట, సరేయని పనివాడు తలయూపుట, మరునాడు వానలో బండి తిరుగుట — పూత చెడుటకు ఇంతకంటె వేరు కారణము వెదకనక్కరలేదు.

వారములను గంటలుగా మార్చుట శాస్త్రము సాధించిన గొప్ప విజయము. మిగిలిన ఆ కొలదిపాటి గంటలను, దినములను ఓపికతో విడిచిపెట్టుట మాత్రము మన వంతు. పనివానికి ఆ గడువును, దానికి తగిన కూలిని ఇచ్చిన యజమాని పూతను కొన్నవాడగును. ఇయ్యనివాడు మెరుపును మాత్రమే కొన్నవాడగును.