తీగకు ఎంత వెలుతురు కావాలి? – అవిసె నీడ నుంచి మనీప్లాంట్ దాకా



మన ఇళ్ళలో ఇప్పుడు మనీప్లాంట్ లేని ఇల్లు తక్కువ. టీవీ పక్కన, మెట్ల కింద, సీసాలో నీళ్ళు పోసి పెట్టేస్తాం. "దానికి వెలుతురు అక్కర్లేదు, ఎక్కడైనా బతుకుతుంది" అనే మాట అందరి నోటా వింటాం. కొన్నాళ్ళకి ఆకు మీది పసుపు చారలు తగ్గిపోతాయి. కొత్త ఆకు చిన్నదవుతుంది. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగి తీగ ఉత్త తాడులా సాగుతుంది. అప్పుడు ఇంకా నీళ్ళు పోస్తాం, ఎరువు వేస్తాం. చాలాసార్లు లోపం నీళ్ళలో ఉండదు, వెలుతురులో ఉంటుంది.

ఈ సంగతి కడత్తూరు వాళ్ళకి బయటివాళ్ళు చెప్పక్కర్లేదు. మన తమలపాకు సంత అందరికీ తెలిసిందే. చుట్టుపక్కల ఆకుతోటల్లో మన పెద్దలు తీగకు ఎంత ఎండ, ఎంత నీడ అనే లెక్కతోనే బతికారు.

తమలపాకు మిరియాల కుటుంబానికి చెందిన తీగ. దాని పుట్టిల్లు ఆగ్నేయాసియా వైపు. పెద్ద చెట్ల కింద, ఆకుల సందుల్లోంచి పడే వెలుతురులో పెరిగే స్వభావం దానిది. నేరుగా ఎండ తగిలితే ఆకు మాడుతుంది. మరీ చీకటైతే ఆకు పలచబడి తీగ సాగిపోతుంది. అందుకే ఎక్కడ సాగు చేసినా ముందు నీడను తయారు చేసుకోవాలి. బెంగాల్, ఒరిస్సాల్లో వెదురు, గడ్డితో చుట్టూ తడికలు కట్టి, పైన పలచగా కప్పు వేసి, ఆ పందిరి లోపల పెంచుతారు. తమిళనాట మాత్రం నీడ కోసం చెట్టునే నాటారు. ఆ చెట్టు అవిసె. బడిలో తమిళం చదువుకున్న మనలో చాలామందికి అగత్తి అంటేనే తెలుస్తుంది. ఏకాదశి ఉపవాసం మర్నాడు ద్వాదశికి వండుకునే ఆకుకూర అదే.

కొడిక్కాల్‌లో తీగ కంటే ముందు అవిసె గింజ వేస్తారు. అది లేచి నిలబడ్డాకే పక్కన తమలపాకు ముక్కలు నాటుతారు. తీగను అరటినారతో అవిసె మానుకు వదులుగా కట్టుకుంటూ పైకి ఎక్కిస్తారు. అవిసె దాదాపు 4 మీటర్ల ఎత్తుకు రాగానే తల కొట్టేస్తారు. నీడ ఎక్కువైతే పక్క కొమ్మలు కొడతారు, ఎండ ఎక్కువైతే వదిలేస్తారు. కొట్టిన కొమ్మ మేకలకు మేత. అవిసె వేరు నేలకు నత్రజని ఇస్తుంది. దాని చిన్న చిన్న ఆకుల మధ్య నుంచి ఎండ జల్లెడ పట్టినట్టు దిగుతుంది. ఇంతకన్నా మంచి కిటికీ తెర ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఈ తీగ సాగు పాతదే. 14వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఇబ్న్ బతూతా తమలపాకును ద్రాక్షతీగలాగా పందిరి కట్టి పెంచుతారనీ, కొబ్బరిచెట్లకు కూడా ఎక్కిస్తారనీ, కాయ కోసం కాదు ఆకు కోసమే పెంచుతారనీ రాశాడు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ రాజుగారి కొలువులో తనకు తమలపాకులు, కర్పూరం ఇచ్చి మర్యాద చేసిన సంగతి రాశాడు. మన పెళ్ళిళ్ళలో ఈనాటికీ తాంబూలం లేనిదే మాట ఖాయం కాదు కదా.

ఇక మనీప్లాంట్. దీని సొంత ఊరు పసిఫిక్ సముద్రంలోని మొరేయా అనే దీవి. 1880లో బెల్జియం తోటమాలులు దీన్ని పోథోస్ ఆరియస్ అని పేరు పెట్టి ప్రపంచానికి చూపించారు. పోథోస్ అనే మాట సింహళం నుంచి వచ్చింది. 1964లో ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అనే పేరు వచ్చింది. అడవిలో ఇది చెట్టెక్కి 20 మీటర్ల దాకా పోతుంది. అక్కడి ఆకు ఒక్కోటి మీటరు పొడవు ఉండవచ్చు. మన సీసాలోని అరచేతి ఆకూ అదే మొక్కది. తేడా అంతా పైకి ఎక్కడానికి ఉన్న ఆధారంలో, దొరికే వెలుతురులో ఉంది.

అడవి తీగల ఎత్తుగడ ఇంకొకటి ఉంది. 1975లో ఇద్దరు శాస్త్రవేత్తలు మాన్‌స్టెరా అనే దగ్గరి బంధువు మొలకల్ని గమనించారు. ఆ మొలకలు వెలుతురు వైపు కాకుండా చీకటి వైపు పాకుతున్నాయి. చీకటిగా కనిపించేది పెద్ద చెట్టు మాను. దాన్ని పట్టుకున్నాక వెలుతురు కోసం పైకి ఎక్కుతాయి. చీకటి వాటికి దారి మాత్రమే, ఉండే చోటు కాదు. మనం మెట్ల కింద పెట్టిన తీగ పరిస్థితి ఆలోచించండి.

మనీప్లాంట్ ఇంట్లో పూయదని అందరికీ తెలుసు. దానంతట అది పూసిన చివరి నమోదు 1964 నాటిది. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే రసాన్ని అది సరిగ్గా తయారు చేసుకోలేదని 2016లో అమెరికా పరిశోధకులు చెప్పారు. కాబట్టి పూయలేదని వెలుతురును నిందించకండి. ఆకు చిన్నదైతే, చార పోతే మాత్రం నిందించండి. పసుపు చారలో పచ్చదనం తక్కువ, అంటే వెలుతురుతో ఆహారం చేసుకునే శక్తి తక్కువ. చీకట్లో పచ్చని భాగమే మొక్కను మోయాలి.

మన కన్ను ఇక్కడ మోసపోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. కిటికీ దగ్గర కొన్ని వేలు ఉండవచ్చు. గది మూలలో 100 కూడా ఉండకపోవచ్చు. కన్ను సర్దుకుంటుంది కనుక మనకు రెండూ వెలుతురుగానే కనిపిస్తాయి. మొక్క సర్దుకోలేదు. మధ్యాహ్నం మొక్కకు అడుగు పైన చెయ్యి పెట్టి చూడండి. నీడ అంచు మసకగా అయినా కనిపిస్తే చాలు. నీడే పడకపోతే చోటు మార్చండి.

ఇంకొక మాట. ఇంగ్లీషు పుస్తకాల్లో "దక్షిణపు కిటికీ మంచిది" అని రాస్తారు. అది బాగా ఉత్తరాన ఉన్న చల్లని దేశాల లెక్క. కడత్తూరు భూమధ్యరేఖకు సుమారు 12 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. మార్గళిలో బాగా దక్షిణానికి దిగుతాడు. మనకు తూర్పు కిటికీ పొద్దుటి ఎండ మంచిది. పడమటి కిటికీ అయితే పలచని తెర కట్టండి, అదే మన అవిసె.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, నీటి కరువుతో, కూలి మనుషులు దొరక్క ఆకుతోటలు తీసేస్తున్నవాళ్ళు మనలో ఉన్నారు. పిల్లలు తిరుప్పూరు, హోసూరు, బెంగుళూరు చేరారు. 2023లో షోళవందాన్ ఆకుకూ, ఆత్తూరు ఆకుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊళ్ళ పేరు కాగితం మీద నిలిచింది. మన దగ్గర ఏ నెలలో ఏ కొమ్మ కొట్టాలి, ఎంత నీడ వదలాలి అన్నది పెద్దల చేతుల్లోనే ఉంది, ఏ కాగితం మీదా లేదు. తోట పోతే ఆ లెక్కా పోతుంది.

అందుకే ఒక మనవి. ఇంట్లో ఆకుతోట చేసిన తాత, అవ్వ ఉంటే వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. అవిసె ఎప్పుడు వేస్తారు, తల ఎప్పుడు కొడతారు, తీగ ఎప్పుడు దించుతారు, ఏ మాట వాడతారు అన్నీ రాయండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనే మన మాట రాసి పంపండి, మేము తెలుగులోకి ఎత్తి రాస్తాం. వచ్చే సంఘ సమావేశంలో అన్నీ కలిపి చదువుదాం.